గూడబాతులును ఆయకట్టు రైతును

కార్తీకమాసమున ఈశాన్య వర్షములకు చెరువులు నిండగానే మన జిల్లాలలో కొన్ని గ్రామములకు గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును వందలకొలదిగా వచ్చి చేరును. ఈ సంగతి సభ్యులెరుగనిది కాదు. అయినను కొంతకాలము క్రిందట ఒక సంఘ సభలో మేము చెరువు కట్ట మరమ్మతు గూర్చి చెప్పుచుండగా ఒక సభ్యుడు లేచి, "అయ్యా, ఈ పక్షులను కాపాడుడని బల్లలు పాతి పోయినారు. కాపాడుట మా వంతు, చూచి పోవుట పట్నవాసుల వంతు. ఇందులో మాకు వచ్చునదేమి?" అని అడిగెను. కొందరు నవ్విరి. మేము నవ్వలేదు. లెక్క అడుగు సభ్యుడు సంఘమునకు మేలుచేయువాడు. ఆనాడు తొందరలో మేము చెప్పిన జవాబు మాకే తృప్తి కలిగింపలేదు గనుక, ఇచట సావకాశముగా జమయు ఖర్చును రెండును వ్రాయుచున్నాము.

ముందుగా ఒక పొరపాటును సవరింపవలెను. ఈ పక్షులను చాలమంది సైబీరియా కొంగలందురు. పత్రికలలోను అట్లే వ్రాయుచుందురు. అది నిజము కాదు. గూడబాతును ఎర్రకాళ్ల కొంగయు మన దేశపు పక్షులే. నీరు, చేప, గూటికి తగిన చెట్టు ఎచట దొరకునో చూచుకొని ఒక ప్రాంతమునుండి మరియొక ప్రాంతమునకు తిరుగుచుండును. మన ఊరిలో గూడు చెడినచో ఇవి తిరిగిపోవుటకు వేరొక స్వదేశము లేదు. ఈ మాట తరువాతి లెక్కకు అవసరము.

తిరుపతి జిల్లా దొరవారిసత్రము మండలమున నేలపట్టు అను గ్రామము కలదు. 2022కు పూర్వము అది నెల్లూరు జిల్లాలోనిది. అచటి చెరువులో కడపచెట్లు అనేకము నీటిలోనే నిలిచియుండును. నెలల తరబడి మొదలు మునిగియున్నను ఆ చెట్టు చావదు. వానిపై గూడబాతులు గూళ్లు కట్టును. వానితో తెల్లకంకణములు, నత్తగుల్లకొంగలు, నీరుకాకులు, చింతవక్కలు కూడ చేరును. 1976లో ప్రభుత్వమువారు ఆ చెరువును దాని చుట్టునున్న అడవిని కలిపి, సుమారు 459 హెక్టార్ల భూమిని, పక్షిరక్షిత స్థలముగా ప్రకటించిరి. కాని ప్రకటనకు ముందు ఆ పక్షులను కాచినది ఊరివారే. కాచుటకు కారణము కేవలము జాలి గాదు. ఆ చెరువు నీరు పారిన పొలము బాగుగా పండునని వారు తమ కండ్లతో చూచియుండిరి.

ఇందలి మర్మమును కొంచెము విప్పి చెప్పెదము. పక్షి మూత్రమును వేరుగా విడువదు. రెట్టలో సున్నమువలె తెల్లగా కనబడు భాగమే దాని మూత్రము. అందులో నత్రజని యూరిక్ ఆమ్ల రూపమున ఉండును. నీటిలోను బురదలోను ఉండు సూక్ష్మజీవులు దానిని క్రమముగా అమ్మోనియాగా మార్చును. నీరు నిలిచిన మడిలో వరి వేరు ఎక్కువగా తీసికొనునది ఆ రూపమునే. చేపను ఎముకలతో సహా మ్రింగు పక్షి గనుక రెట్టలో భాస్వరము కూడ చేరును. తూమునుండి వచ్చు నీటితో ఇదంతయు పలుచగా, సమముగా మడులకు పోవును. చల్లుటకు కూలి అక్కరలేదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. మన పొలపు గడ్డిని మేసిన పశువు పేడను మరల మన పొలమునకే తోలుట మంచిపనియే. కాని అది ఇంటి ధనమును ఒక సంచినుండి మరియొక సంచిలోనికి మార్చుటవంటిది. నేలపట్టు గూడబాతు అట్లు కాదు. సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న పులికాటు సరస్సునకు పోయి, అచట చేపలను పట్టి, తిరిగి వచ్చి పిల్లలకు పెట్టును. ఉప్పునీటి సరస్సులోని సారము రెక్కలమీద వచ్చి ఊరి చెరువులో పడుచున్నది. ఇది బయటినుండి వచ్చిన క్రొత్త పెట్టుబడి. దీనికి వడ్డీ లేదు.

ఇట్లు చెప్పినందున ఎరువుల సంచిని మానివేయుడని మేము చెప్పుచున్నట్లు ఎవరును గ్రహింపరాదు. పక్షుల సంఖ్య ఏటేట మారును. వాన ఎక్కువైన సంవత్సరమున నీటిలో సారము పలుచబడును. అట్లే పక్షులు మెండుగా నుండి, రైతు తన మామూలు యూరియాను తగ్గింపక వేసినచో, నత్రజని హెచ్చి పైరు ఏపుగా పెరిగి ఒరిగిపోవును. తెగులు సులభముగా తగులును. కావున భూసార పరీక్ష చేయించుకొనియే మోతాదు నిర్ణయించుకొనవలెను. రెట్ట మితిమీరి పడినచో గూడున్న చెట్టే ఆకురాల్చి ఎండిపోవుటయు కలదు. ఎరువు ఎక్కడనైనను ఎరువే.

చెరువు పక్షులవలన లాభమును మొట్టమొదట కాగితముపై పెట్టించుకొన్న రైతులు తమిళదేశమువారు. చెంగల్పట్టు జిల్లాలో వేడంతాంగల్ అను ఊరికి సుమారు 30 హెక్టార్ల చెరువు కలదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర దొరల సిపాయిలు అచటికి వేటకు వచ్చి పక్షులను కాల్చుచుండిరి. రైతులు ఊరకుండక కలెక్టరు కచేరీకి పోయి, ఈ పక్షులవలన మా చెరువు నీటికి బలము వచ్చుచున్నది, వీనిని కాల్చుట మా పంటను చెరచుటయే అని మొరపెట్టుకొనిరి. 1798లో లయొనెల్ ప్లేస్ అను కలెక్టరు వారికి కౌలు వ్రాసియిచ్చెను. 1858లో మరల దానిని స్థిరపరచిరి. నేటికిని ఆ చెరువు నిలిచియున్నది. మాకు ఆశ్చర్యము కలిగించు సంగతి ఏమనగా, ఆ రైతులు అడిగినది పరిహారము కాదు, బహుమానము కాదు. తమ చెరువుమీద తమ మాట చెల్లవలెనని అడిగిరి.

ఇక ఖర్చు వైపు.

చెరువులో చెట్లున్నచోట పక్షి నీటిమీదనే గూడు కట్టును. చెట్లు లేనిచోట ఊరిలోనికే వచ్చి చింతచెట్లమీద కట్టును. సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలమున వీరాపురములో ఎర్రకాళ్ల కొంగలు ఇట్లే ఊరి చింతచెట్లపై పిల్లలను పెంచును. శ్రీకాకుళము జిల్లా టెక్కలివద్ద తేలినీలాపురమువారు గూడబాతులు వచ్చిన సంవత్సరమును శుభముగా నెంచుదురు. ఇచ్ఛాపురము వద్ద తేలుకుంచిలో నత్తగుల్లకొంగలు వానకాలముతోనే వచ్చి ఇండ్లనడుమనే ఉండును. గుంటూరు వద్ద ఉప్పలపాడువారు తమ ఊరి చెరువునే పక్షులకు విడిచిరి. ఇవి మనము గర్వింపదగిన ఊళ్లు. కాని గర్వముతో ఎవరి అప్పును తీరదు.

మేము పనిచేయు ప్రాంతములోనే ఒక గ్రామమున జరిగినది చెప్పెదము. ఊరి పేరు అవసరము లేదు. అచట చెరువు గట్టునకు ఆనుకొని ఒక ముసలమ్మకు ఏడు చింతచెట్లుండెను. అవియే ఆమె జీవనాధారము. ఏటేట కాయను దులిపించి అమ్ముకొనెడిది. ఎర్రకాళ్ల కొంగలు ఆ చెట్లను పట్టుకొనిన తరువాత, కాయ పండు వేళకు గూళ్లలో పిల్లలుండెడివి. చెట్టెక్కుటకు ఊరివారు ఒప్పుకొనరైరి. ఎక్కినను రెట్ట పడిన కాయను కొనువాడు లేడు. దొడ్డిలో వాసన, రాత్రింబగళ్లు రొద. మేము ఆ ఊరిలో చావడివద్ద పక్షులను గూర్చి ఉపన్యసించితిమి. చెరువు నీటి సారమును, కలుపుకోత నాటికి పైరు రంగును వర్ణించితిమి. సభ ముగిసిన పిమ్మట ఆమె మావద్దకు వచ్చి, "అయ్యా, నీళ్ల ఎరువు ఊరందరికీనా? మరి చెట్టు నా ఒక్కదానిదేనా?" అని అడిగినది. పంచాయితీవారితో మాటలాడెదమని చెప్పి వచ్చితిమి. మాటలాడితిమి కూడ. కాని ఒకసారియే. తరువాత ఇతర పనులలో పడితిమి. మూడవ సంవత్సరమున ఆమె ఆ చెట్లను కట్టెల వ్యాపారికి అమ్మివేసెను. కొంగలు వచ్చి, రెండు దినములు ఆకాశమున తిరిగి, పోయినవి. ఊరివారు ఆమెను నిందించిరి. ఆమె తప్పు మాకు కనబడలేదు. ఆయకట్టులో ప్రతి ఎకరమును లాభము పొందుచుండగా నష్టమంతయు ఒక్క ఇంటిమీద మోపిన లెక్క అది. ఆ లెక్కను సరిదిద్దవలసినవారిలో మేమును ఒకరము.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. కర్ణాటకమున మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో కొక్కరె బెళ్లూరు అను గ్రామము కలదు. కొక్కరె యనగా కొంగ. ఊరి పేరులోనే పక్షి చేరినది. అచటను గూళ్లు ఊరి చింతచెట్లపైననే. కట్టెలకై, సొమ్ముకై చెట్లను నరుకుట అచటను జరిగినది. అటుపిమ్మట కర్ణాటక అటవీశాఖవారు గూళ్లున్న చెట్ల యజమానులకు, కాయ నష్టమునకు బదులుగా, చెట్టు లెక్కన కొంత సొమ్ము ఇచ్చు ఏర్పాటు చేసిరి. ఆ ఊరి యువకులు "హెజ్జార్లె బళగ" అని సంఘముగా చేరిరి. హెజ్జార్లె యనగా గూడబాతు, బళగ మనగా బంధువర్గము. గూటినుండి జారిపడిన పిల్లలను వారు దొడ్డిలో పెట్టి చేపలు మేపి, ఎగురనేర్చిన పిదప విడుచుదురు. ఆ ఊరి రైతులు చేయు మరియొక పని మనవారికి వెంటనే ఉపయోగించును. చెట్టు క్రింద లోతుగా గోతులు త్రవ్వి, పడిన రెట్టను అందులో చేరనిచ్చి, చెరువు ఒండ్రుమట్టిని కలిపి ఎరువు చేయుదురు. తమ పొలమునకు వాడగా మిగిలినది ఇతర రైతులకు అమ్ముదురు. ఇట్లు చేసినచో చెట్టు యజమానికి కాయ పోయినను ఎరువు మిగులును. మా ముసలమ్మ చెట్ల క్రింద ఒక్క గోయి త్రవ్వించుట మాకు అప్పుడు తోచలేదు.

ఊరివారి కాపుదల పోయినచోట ఏమగునో తెలిసికొనుటకు కొల్లేరు చాలును. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు నీలకంఠన్ గారు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గొప్ప గూటిస్థలమును చూచి దానిని గూర్చి వ్రాసిరి. నాడు మన దేశమున తెలిసిన వానిలో అదియే పెద్దది. 1974 ప్రాంతమునకు పక్షులు దానిని విడిచిపోయినవి. ఈ మధ్య సంవత్సరములలో ఆటపాకవద్ద చెట్లకు బదులుగా ఇనుప స్టాండులు నాటగా వానిపై గూడబాతులు మరల పిల్లలను పెంచుచున్నవి; ఇది సంతోషింపదగినదే. కాని 1999లో కొల్లేటిని రక్షిత స్థలముగా ప్రకటించుటయు, 2005, 2006 సంవత్సరములలో చేపలచెరువుల గట్లను కొట్టివేయుటయు ఆ లంకగ్రామములలో ఎంత తగవు పెట్టినదో అందరికిని తెలియును. సరస్సును మ్రింగిన చేపలచెరువులు పోవలసినవే యని మా అభిప్రాయము. అయినను హద్దు గీయుటకు ముందు అచట బ్రతుకు చిన్నవారిని కూర్చుండబెట్టి లెక్క చూచియున్నచో, పక్షిపేరు చెప్పగానే ముఖము చిట్లించు స్థితి రాకపోయెడిది.

సంఘముగా కూడి ఇట్టి లెక్కను చూచుకొనినవారు ఎచటనైన కలరా యని అడిగినచో, కలరు. కాని చాల దూరమున. ఆఫ్రికా ఖండపు నైఋతి మూలనున్న నమీబియా దేశమును గూర్చి చెప్పెదము. అచటి జంతువులు ఏనుగు, సింహము, ఖడ్గమృగము. దక్షిణాఫ్రికా పాలనలో తెల్లవారైన భూస్వాములకు తమ భూమిపైని వన్యమృగములమీద హక్కులుండెను. ఉమ్మడి భూములలో పశువులు మేపుకొను నల్లవారికి అట్టి హక్కు లేదు. ఏనుగు వారి నీటితొట్టిని పగులగొట్టినను వారిదే నష్టము, వేటగాడు దంతము కోసికొనిపోయినను వారికి ఒరిగినది లేదు. 1980 తరువాత గొప్ప కరవు వచ్చి, దొంగవేట పెరిగి, వాయవ్య భాగమున జంతువులు బహుగా నశించినవి. అప్పుడు గార్త్ ఓవెన్ స్మిత్ అను నతడు ఊరి పెద్దలవద్దకు పోయి మాటలాడగా, పెద్దలు తమవారినే కాపలాదారులుగా నియమించిరి. పట్టణమునుండి వచ్చిన జవానునకు పెద్దలు బదులు చెప్పనక్కరలేదు. కాని ఈ కాపలావారు ఆ పెద్దలకే జవాబుదారులు.

1990లో ఆ దేశము స్వతంత్రమైనది. 1996లో చట్టమును సవరించి ఉమ్మడి భూముల ప్రజలకును ఆ హక్కు నిచ్చిరి. హక్కు పొందుటకు వారు చేయవలసినది చూడుడు: సభ్యుల పట్టిక వ్రాయవలెను, పొరుగువారితో ఒప్పుకొని హద్దులు తేల్చవలెను, నిబంధనావళి కావలెను, కార్యవర్గమును ఎన్నుకొనవలెను, వచ్చిన లాభమును ఎట్లు పంచుదురో ముందే వ్రాసిపెట్టవలెను. ఇది చదువు మన సభ్యులకు సంఘము రిజిస్టరీనాడు చేసిన పనులు జ్ఞప్తికి రాకమానవు. 1998లో మొదట నాలుగు సంఘములు రిజిస్టరైనవి. ఇప్పుడు అవి 86. దేశపు భూమిలో సుమారు అయిదవ వంతు వారి హద్దులలో ఉన్నది. యాత్రికుల విడిదులనుండి, అనుమతి పొందిన వేటనుండి వచ్చు సొమ్ముతో కాపలావారికి జీతములిచ్చి, బడులకు, నీటి పనులకు ఖర్చుచేసి, వేటమాంసమును ఇంటింటికి పంచుదురు.

అచట అంతయు సుఖమే యని మేము వ్రాయము. జంతువులు పెరిగినకొలది సింహములు పశువులను కొట్టుట హెచ్చినది. యాత్రికులు రాని మారుమూల సంఘములకు రాబడి అత్యల్పము. 2020లో కోవిడ్ వ్యాధివలన యాత్రికులు నిలిచిపోగా వారి రాబడికి పెద్దదెబ్బ తగిలినది. ఒకే పంటను నమ్మిన రైతు స్థితియే అది. అయినను ఏ ఇంటికి ఏ నష్టము వచ్చినదో చెప్పుకొనుటకు ఒక సభయు, వ్రాయుటకు ఒక పుస్తకమును వారికున్నవి. మా ముసలమ్మకు ఆ రెండును లేవు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. పక్షులు వచ్చు చెరువు క్రింద 200 ఎకరముల ఆయకట్టును, గూళ్లుండు చింతచెట్లు 20యును కలవని ఊహింతము. చెట్టుకు 3,000 రూపాయలు కాయ నష్టమని ఊరిపెద్దలు తేల్చినచో మొత్తము 60,000 రూపాయలు. ఎకరమునకు 300 రూపాయలు. అది నేటి సబ్సిడీ ధరకు ఒక యూరియా బస్తా వెలకంటె స్వల్పముగా ఎక్కువ. ఇది ఊహాలెక్క, మీ ఊరి అంకెలు వేరుగా నుండును. కాని ఈ మాత్రపు సొమ్మును నీటితీరువ వసూలుతోపాటు సంఘమే వసూలుచేసి చెట్ల యజమానులకు చెల్లించుట అసాధ్యము కాదు. చెరువులో చేపల పాట పాడుకొను మత్స్యకారుల సంఘమును కూడ ఆ సభకు పిలువవలెను. పక్షి తినునదంతయు దూరపు చేపయే కాదు. కొంత వారి చేప కూడ నుండును. పాట సొమ్ములో కొంత తగ్గింపు అడుగుట వారికి న్యాయమే.

డబ్బుకంటె నీటి తగవు కష్టమైనది. గూడబాతు గ్రుడ్డు పొదుగుటకు సుమారు ఒక నెల పట్టును. పిల్ల ఎగురుటకు ఇంకను మూడు నెలలకు తక్కువ కాదు. గూటిచెట్ల చుట్టు నీరున్నంతకాలము కుక్కయు, నక్కయు, అడవిపిల్లియు దరిజేరవు. నీరు తీసినచో కందకము పూడ్చిన కోటవంటిది. చివరి తడికి నీరు చాలని సంవత్సరమున తూము మూయుడని రైతుతో చెప్పుట ఎవరికిని సులభము కాదు, మాకును కాదు. అందుచేత ఎంత మట్టమువద్ద తూము మూయవలెనో నారుమడి వేయుటకు ముందే నీటి సంఘము సభలో తీర్మానించి, ఆ మట్టమును తూము రాతిమీద గీత గీయించుట మంచిది. ఆ గీతను చూచి దిగువ మడుల రైతు తక్కువ కాలపు వరినో, మినుమునో వేసికొనును. నీరు తగ్గిన తరువాత చెప్పిన మాట ఎవరును వినరు.

చట్టపు సంగతి కొంచెము. వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2002లో సవరించి, ఊరివారి భూములనే వారి యిష్టముతో సాముదాయక రక్షితస్థలముగా ప్రకటించుటకు వీలు కల్పించిరి. దానికి పంచాయితీ ప్రతినిధులతో నిర్వాహక సంఘ ముండును. కొక్కరె బెళ్లూరును 2007లో అట్లు ప్రకటించిరి. ఇది మంచి మార్గమే గాని, ప్రకటన అయిన పిదప ఆ భూమి వినియోగమును మార్చవలెనన్న నిర్వాహక సంఘపు తీర్మానమును ప్రభుత్వపు అనుమతియు రెండును కావలెను. కావున ప్రతి సర్వే నంబరును చదివి వినిపింపక ఎవరును సంతకము చేయరాదు.

మొదటి ప్రశ్న ఇంకను మిగిలియున్నది: పక్షుల నీరు నిజముగా ఎకరమునకు ఎంత యూరియాకు సమానము? దీనికి మాటలకంటె మడి మంచి జవాబు చెప్పును. పక్షుల చెరువు క్రింద పొలమున్న సభ్యుడు ఒకే మట్టము, ఒకే విత్తనము గల నాలుగు మడులను ప్రక్కప్రక్కన ఎంచుకొని, ఒకదానికి పరీక్ష చెప్పిన యూరియా పూర్తిగాను, రెండవదానికి మూడు పాళ్లును, మూడవదానికి సగమును వేసి, నాల్గవదానికి ఏమియు వేయక, కోతనాడు దేని ధాన్యము దానికి తూచవలెను. ఒక మడి నీరు మరియొక మడిలోనికి పారకుండ గట్లు బలముగా నుండవలెను. దేని నీటి దారి దానికే యుండవలెను. తూకమునకు త్రాసును, గోతాములపై వ్రాయుటకు రంగును మేము తెచ్చెదము. ఇష్టమున్నవారు నాట్లకు పదిహేను దినములు ముందుగా సంఘ కార్యదర్శివద్ద పేరు వ్రాయించవలెను. చెరువు గట్టున చింతచెట్లున్నవారు చెట్ల సంఖ్యను, గూళ్లు లేని సంవత్సరమున వచ్చిన కాయ తూకమును అదే పుస్తకములో వెనుక పుటలో వ్రాయించవలెను.